ఆమె సీసాలో నా వాటా

మార్చి 3, సోమవారం

ఆస్పత్రివాళ్లు ఆమెకి ఒక కార్డు ఇచ్చారు. రోజూ ఏ వేళకి జెల్ రాసుకుంది, ఏ వేళకి మాత్ర వేసుకుంది, ఒంట్లో ఎలా ఉంది, అన్నీ గళ్లలో నింపాలి. నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అందుకని మా లిఫ్టు రిపేరు డిపోలో మూలన పడి ఉన్న ఈ పాత తనిఖీ పుస్తకం తెచ్చుకున్నాను. ప్రతి పేజీ పైనా 'లిఫ్టు నంబరు', 'లోపం', 'చేసిన పని' అని అచ్చువేసి ఉంది. వాటిని ఖాళీగా వదిలేస్తాను.

సూది పరీక్ష ఫలితం శుక్రవారం వచ్చింది. మా ఆవిడ ఎడమ రొమ్ములో, పాలగొట్టాల లోపలి కణాలు దారి తప్పాయట. గొట్టం గోడ దాటి బయటికి మాత్రం రాలేదట. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. క్యాన్సరా అని అడిగాను. తొలి మెట్టు అనుకోండి, ఇంకా ఇంట్లోనే ఉంది, వీధిలోకి రాలేదు అంది. ఆ బొమ్మ నా చొక్కా జేబులోనే ఉండిపోయింది. తీసి పడెయ్యాలనిపించడం లేదు, చూడాలనీ అనిపించడం లేదు.

ఆపరేషన్ మే రెండో వారంలో. ఈ పది వారాలూ ఊరికే కూర్చోకుండా ఒక ట్రయల్‌లో చేరమన్నారు. ఈ జబ్బుకి మామూలుగా ఇచ్చే మాత్ర ఒకటుంది. ఒంట్లోని ఆడ హార్మోను వెళ్లి కణాలకి తగులుకోకుండా అది అడ్డుపడుతుంది. అదే రకం మందుని జెల్‌గా చేసి చర్మం మీద రాస్తే, ఒళ్లంతా తిరిగి బాధపెట్టకుండా రొమ్ములోనే పనిచేస్తుందా అని చూస్తున్నారు. సగం మందికి మందున్న జెల్, ఉత్తి మాత్ర. మిగతా సగం మందికి ఉత్తి జెల్, మందున్న మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకీ తెలియదు, నర్సుకీ తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు.

మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంటికొచ్చే దారిలో, ఎటు చూసినా నాకు మందు అందుతుంది కాబట్టి ఒప్పుకున్నాను అంది. అంతే.

మార్చి 4

ఆమె బడికి వెళ్లింది. నేను పనికి వెళ్లాను. ఏమీ జరగలేదు.

మార్చి 6, గురువారం

పొద్దున స్నానం అయ్యాక రాసుకుంటుంది. సీసా మూత మీద పంపు ఉంటుంది. కుడికి ఒక నొక్కు, ఎడమకి ఒక నొక్కు. రంగు లేదు, స్పిరిటు వాసన. ఆరేదాకా చేతులు ఎడంగా పెట్టుకుని గది మధ్యలో నిలబడుతుంది. తీగ మీద ఆరేసిన చొక్కాలా ఉన్నావన్నాను. నవ్వింది. శుక్రవారం తర్వాత ఇదే మొదటిసారి.

చేతులు సబ్బుతో కడుక్కోవాలట. నాలుగు గంటలసేపు అక్కడ ఇంకొకరి చర్మం తగలకూడదట, మందు వాళ్లకి అంటుకుంటుందట. నాలుగు గంటలు నా పక్కకి రాకండి అని వేలు చూపించి మరీ చెప్పింది. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

మార్చి 10, సోమవారం

పదకొండు అంతస్తుల భవనంలో లిఫ్టు తాళ్లు మార్చాం, నేనూ రేడియో. రేడియో అంటే పద్దెనిమిదేళ్లుగా నాకు జంటగా పనిచేస్తున్నవాడు. నోరు ఆగదు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు.

లిఫ్టు పెట్టె పైకెక్కి సేఫ్టీ బెల్టు బిగించుకున్నప్పుడు పట్టీ ఎడమ వైపు ఛాతీ మీద ఒత్తుకుంది. కళ్లముందు చుక్కలు కనిపించాయి. ఏమైందని రేడియో అడిగాడు. పక్కటెముక పట్టేసిందన్నాను.

దెబ్బే అయి ఉంటుంది. జనవరిలో తలుపు పలక జారి అక్కడే తగిలింది. దాని తాలూకే. డిసెంబరులో కూడా నొప్పి ఉన్న మాట నిజమే. అది వేరే దెబ్బ అయి ఉంటుంది.

మార్చి 12, బుధవారం

చనుమొన కింద బఠాణీ గింజకంటే పెద్దది ఉంది. ముట్టుకుంటే కదులుతుంది, నొక్కితే ప్రాణం లాగేస్తుంది. పనిపెట్టెలోంచి తాళ్ల మందం కొలిచే వెర్నియర్ తెచ్చి కొలిచాను. పద్దెనిమిది మిల్లీమీటర్లు.

రొమ్ము అనే మాట నా విషయంలో రాయడానికి చెయ్యి రావడం లేదు. ఛాతీ అనే రాస్తాను.

ఇంట్లో ఒక జబ్బు చాలు. ఆమె పది వారాల్లో ఆపరేషన్ పెట్టుకుని రోజూ బడికి వెళ్లి పిల్లలకి త్రికోణమితి చెప్పి వస్తోంది. ఆమె దగ్గరికెళ్లి చొక్కా విప్పి ఏమని చెప్పను? చెప్పకపోవడం వేరు, దాచడం వేరు. నేను దాచడం లేదు.

మార్చి 14, శుక్రవారం

ఈరోజు నాకు మధ్యాహ్నం డ్యూటీ. ఆమె వెళ్లిపోయింది. సీసా అద్దం ముందర ఉంది. ఆమె చర్మానికి మంట పుట్టిస్తుందేమో చూద్దామని ఒక్క నొక్కు వేలి మీద వేసుకున్నాను. మంట లేదు. చల్లగా ఉంది. వేలి మీదకి వచ్చింది తిరిగి సీసాలోకి వెళ్లదు కదా. అందుకని రాసుకున్నాను.

మార్చి 15

ఈరోజు రాసుకోలేదు.

మార్చి 16

రాసుకున్నాను. ఒక్క నొక్కే. ఆమె రెండు వాడుతుంది.

మార్చి 17

ఒకటి.

మార్చి 20, గురువారం

రోజుకొకటి చొప్పున నడుస్తోంది. సీసా లోపలికి కనపడదు, కాబట్టి తగ్గినట్టు ఆమెకి తెలియదు. నెలకి సరిపోగా ఇంకా మిగిలేలా నింపి ఇస్తామని నర్సు మొదటిరోజే చెప్పింది. మిగిలేదానిలోంచే తీసుకుంటున్నాను.

వెర్నియర్‌తో పదిహేడు. తగ్గింది. మందంటే ఇలా ఉండాలి.

మార్చి 25, మంగళవారం

పదహారున్నర.

డిపోలో బట్టలు మార్చుకునే గదిలోకి అందరూ వెళ్లాక వెళ్తున్నాను. రేడియో కనిపెట్టాడు. కొత్తపెళ్లికూతురిలా ఆ సిగ్గేంటి గురూ అన్నాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకెప్పుడూ వాడితో ఒకే బండిలో వెళ్లకూడదనిపించింది, సాయంత్రం వాడి బండి మీదే ఇంటికొచ్చాను.

మా ఆవిడకి ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోతున్నట్టు ఆవిర్లు వస్తున్నాయి. పాఠం మధ్యలో వస్తే జవాబు పత్రాల కట్టతో విసురుకుంటోందట. మాత్రే అసలు మందేమో, అందుకే ఈ ఆవిర్లేమో అంది. కాదు, జెల్‌లోనే ఉంది అన్నాను. అంత గట్టిగా మీకెలా తెలుసంది. ఊరికే అనిపించిందన్నాను.

మార్చి 30

ఒకటి. పదహారు దగ్గర నిలిచింది. రేపు నెల తనిఖీ. సీసా కూడా తీసుకురమ్మన్నారట. ఎందుకో.

మార్చి 31, సోమవారం

ఎందుకో తెలిసింది.

నర్సు సీసాని చిన్న కాటా మీద పెట్టింది. బంగారం తూచే కాటాలాంటిది. అంకె చూసి, సీసా దించి, మళ్లీ పెట్టింది. పాత కాగితం తెచ్చి పక్కన పెట్టుకుంది. నెమ్మదైన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. రోజుకి ఎన్ని నొక్కులు అని మా ఆవిడని అడిగింది. రెండు. ఎప్పుడైనా ఒలికిందా? లేదు. పంపు ఇరుక్కుని వృథాగా నొక్కారా? లేదు. పొద్దున రాసుకున్న సంగతి మర్చిపోయి సాయంత్రం మళ్లీ రాసుకున్న రోజులున్నాయా?

ఆ ప్రశ్నకి మా ఆవిడ కార్డు చూసుకుంది. కార్డులో అన్ని గళ్లూ పొందికగా నిండి ఉన్నాయి. లేదు అంది, కానీ ముందు చెప్పినంత గట్టిగా అనలేదు.

నర్సు కాగితం మీద అంకెలు వేసింది. మా ఆవిడ ఆ అంకెల్ని తలకిందులుగా చదివి ఆవిడకంటే ముందే తేల్చేసింది. ఇరవై ఎనిమిది రోజులకి యాభై ఆరు నొక్కులు వాడాలి. డెబ్బై రెండు వాడినంత తగ్గింది. పదహారు ఎక్కువ.

నేను గోడమీది కళ్ల పరీక్ష బోర్డు చదువుతూ కూర్చున్నాను. చివరి వరస దాకా కనపడింది.

నర్సు మందలించలేదు. కొత్త సీసా ఇచ్చింది. కాకపోతే, వచ్చే తనిఖీలో కూడా లెక్క కుదరకపోతే ట్రయల్ నుంచి తప్పించాల్సి వస్తుందని, ఎంత మందు లోపలికి వెళ్లిందో తెలియకపోతే ఫలితానికి అర్థం ఉండదని చెప్పింది. మా ఆవిడ తలూపింది. ముప్పై ఏళ్లుగా పిల్లల తప్పుల్ని ఎర్రసిరాతో దిద్దుతున్న మనిషి, తప్పుచేసిన పిల్లలా తలూపింది.

ఆటోలో కిటికీవైపు తిరిగి కూర్చుంది. నాన్నకి ఇలాగే మొదలైంది అంది. మామయ్యగారు చివరి నాలుగేళ్లు కన్నకూతుర్ని కూడా గుర్తుపట్టలేదు.

నేను ఏమీ అనలేదు.

ఏప్రిల్ 1

నేను ఏమీ అనలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

ఫ్రిజ్ తలుపుకి ఒక పెద్ద కాగితం అంటించింది. రాసుకోగానే టిక్కు. టిక్కు పెట్టాక గడియారం చూసి టైము. వంటగదిలోకి వచ్చినప్పుడల్లా వెళ్లి ఆ టిక్కుని చూసి వస్తోంది. స్టౌ ఆపానా అని రెండుసార్లు అడిగింది. బీరువా తాళం వేసి, మళ్లీ తీసి, మళ్లీ వేసింది.

సాయంత్రం బడినుంచి వచ్చి, చివరి తరగతి పరీక్ష పేపరు తయారుచేసే పని ఈ ఏడు నాకొద్దని పెద్దమేడమ్‌కి చెప్పేశాను అంది. పదిహేనేళ్లుగా ఆ పేపరు ఆమెదే. ఎందుకని అడిగితే, తప్పు వెళ్తే పిల్లలు నష్టపోతారు, ఇప్పుడు నామీద నాకు నమ్మకం లేదంది. అలసట వల్ల అలా అనిపిస్తుందిలే అన్నాను.

ఇంత నీచుణ్నని నాకు తెలియదు. పుస్తకంలోనైనా రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

ఏప్రిల్ 3, గురువారం

చెప్పేశాను.

పొద్దున ఆమె టిక్కు పెట్టడానికి పెన్ను తీసింది. పెన్ను పట్టుకుని నిలబడిపోయింది. రాసుకున్నానా, రాసుకోలేదా అని నైటీ మెడ ఎత్తి వాసన చూసుకుంది. అది చూశాక నావల్ల కాలేదు.

"నువ్వేం మర్చిపోలేదు. ఆ పదహారూ నేను వాడాను" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. దేనికంది. మాటల్లో చెప్పడం చేతకాక చొక్కా గుండీలు విప్పాను. ఆమె దగ్గరికొచ్చి, ఏమీ అడక్కుండా, మూడువేళ్లు ఆనించి గుండ్రంగా తిప్పుతూ నొక్కి చూసింది. డాక్టరమ్మ ఆమెకి నేర్పిన పద్ధతే. చంక కింద కూడా చూసింది.

"ఎన్నాళ్లనుంచి?"

"డిసెంబరు."

"డిసెంబరునుంచి నాతో ప్రతి పరీక్షకీ వచ్చారు. నా పక్క కుర్చీలో కూర్చున్నారు. చొక్కా కింద ఇది పెట్టుకుని."

నీకు ఇంకో బరువెందుకని చెప్పలేదన్నాను. ఆ మాట అబద్ధం కాదు, నిజమూ కాదు. సిగ్గేసింది అని తర్వాత చెప్పాను. ఆడవాళ్ల జబ్బు నాకేంటి అనుకున్నానని చెప్పాను. భయమేసిందని కూడా చెప్పాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"జెల్ పోతే పోయింది. అడిగితే నేనే రాసేదాన్నేమో. మూడు రోజులు నా బుర్ర పాడైపోయిందనుకున్నానండీ. మీరు ఎదురుగా కూర్చుని భోజనం చేశారు."

ఆమె ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. నాలుగు గంటలు కాలేదు కదా అంది. కోపంతో అందో, నియమం గుర్తొచ్చి అందో తెలియదు. అన్నాక తనకే నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాత మొహం కడుక్కుని నర్సుకి ఫోన్ చేసింది. నాచేతే చెప్పించింది. కచ్చితంగా ఎన్ని నొక్కులు, ఏ ఏ రోజుల్లో అని నర్సు అడిగింది. రాసిపెట్టుకున్నానన్నాను. ఆ పేజీలు ఫొటో తీసి పంపమంది. ఈ పుస్తకం ఎవరికీ చూపించకూడదనుకున్నాను. మిగతా రాతల మీద తువ్వాలు కప్పి ఫొటో తీశాను. మా ఆవిడ తలతిప్పుకుని నిలబడింది. చదవలేదు.

ఆమె బడికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, పరీక్ష పేపరు నేనే చేస్తానని పెద్దమేడమ్‌కి చెప్పాలి అంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఆమెని ట్రయల్‌లోంచి తియ్యలేదు. పైవాళ్లతో మాట్లాడామని, ఆమె వాడింది యాభై ఆరే అని తేలింది కాబట్టి కొనసాగవచ్చని నర్సు చెప్పింది. ఇకనుంచి సీసా తాళంలో పెట్టాలట. తాళంచెవి మా ఆవిడ దగ్గరే ఉండాలట. ఆ రెండో వాక్యం నర్సు నన్ను దృష్టిలో పెట్టుకునే అంది.

నన్ను బుధవారం రమ్మన్నారు.

ఏప్రిల్ 9, బుధవారం

అదే డాక్టరమ్మ. అవే కుర్చీలు. ఈసారి బల్ల మీద ఎక్కింది నేను, పక్కన కూర్చుంది మా ఆవిడ.

డాక్టరమ్మ చూసింది, నొక్కింది. ఏమేం మందులు వాడుతున్నారంది. బీపీ మాత్ర అన్నాను. పేరేమిటంది. నాకు గుర్తులేదు. మా ఆవిడ సంచీలోంచి అట్ట తీసి ఇచ్చింది. అది చూసి ఎన్నాళ్లనుంచి అని అడిగింది. ఏడాదిన్నర. ఈ మాత్ర వాడే మగవాళ్లలో కొందరికి రొమ్ము కణజాలం ఇలా పెరుగుతుందని, మగవాళ్లకి కూడా అది కాస్తో కూస్తో ఉంటుందని, అయినా ఒకవైపే ఉంది కాబట్టి ఊహించి వదిలెయ్యననీ చెప్పింది.

జెల్ గురించి కూడా మాట్లాడింది. "మందు పనిచేసి గడ్డ కాస్త తగ్గిందే అనుకోండి. తగ్గింది కదా అని మీరు ఇంకో ఏడాది ఇంట్లోనే కూర్చునేవారు. అది చెడ్డ గడ్డయితే?" అంది.

తగ్గిందండీ, పద్దెనిమిదినుంచి పదహారుకి వచ్చింది, వెర్నియర్‌తో కొలిచాను అన్నాను. గదిలో ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్కానింగులో ఇరవై నాలుగు అని వచ్చింది.

మామోగ్రామ్ మిషను గురించి రాయాలి. ఆమె అయిదుసార్లు ఆ గదిలోకి వెళ్లి వచ్చినా, కొంచెం నొక్కుతారు, అంతే అనేది. కొంచెం కాదు. రెండు పలకల మధ్య పెట్టి బిగిస్తారు. మిషనావిడ నాలాంటి మనిషికి పట్టదగినంత లేక, పట్టినదాన్ని జారనివ్వక నానా తంటాలు పడింది. ఊపిరి తియ్యకండి అంది. తీసే దారి ఉంటే కదా. బయటికొచ్చి, ఇంత నొప్పని నాకెప్పుడూ చెప్పలేదేం అని మా ఆవిడని అడిగాను. మీరూ చెప్పలేదుగా అంది.

సూదితో ముక్క తీశారు. ఫలితం మంగళవారం.

ఏప్రిల్ 11

పనికి వెళ్లాను. బ్రేకు లైనింగు మార్చాను. మూడుసార్లు సరిచూసుకున్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇద్దరం ఒకే జబ్బుతో పోతే ఇల్లు ఎవరు చూస్తారన్నాను. తాళంచెవి పక్కింటావిడకి ఇద్దాం అంది. మొక్కలకి నీళ్లు పోస్తుందా అన్నాను. ఆవిడ పోస్తే కుండీలు ఈత కొడతాయి అంది. ఈ మాటలకి ఇద్దరం అంతసేపు నవ్వాం. ఇవి నవ్వే మాటలు కావు.

భయం ఒక్కణ్నీ మోసినప్పటికంటే తేలిగ్గా ఉంది. ఆమెకి నా బరువు పెరిగింది కదా అని అడిగితే, లేదు, ఇన్నాళ్లూ మీరు ఎందుకు మొహం చాటేస్తున్నారో తెలియక చచ్చాను, ఇప్పుడు అదొకటి తగ్గిందంది. తన జబ్బు చూసి నాకు అసహ్యం వేస్తోందేమో అనుకుందట.

ఏప్రిల్ 15, మంగళవారం

చెడ్డది కాదు.

చెడ్డది కాదు.

మాత్రవల్ల పెరిగిన కణజాలమే. క్యాన్సర్ లేదు. డాక్టరమ్మ బీపీకి వేరే మాత్ర రాసిచ్చింది. పాతది మానేసిన కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గుతుందట, తగ్గకపోతే అప్పుడు చూద్దామంది. కొలవద్దని ప్రత్యేకంగా చెప్పింది.

మెట్లవైపు నడవబోయాను. లిఫ్టులో వెళ్దామంది. పద్దెనిమిదేళ్లకి పైగా లిఫ్టులు బాగుచేస్తున్నాను, ఎక్కి ఇంత హాయిగా దిగింది ఈరోజే. తలుపు మూసుకునేటప్పుడు కొంచెం గీసుకుంటోంది, అడుగున గాడిలో దుమ్ము పేరుకుని ఉంటుంది. అయినా బాగుంది.

ఏప్రిల్ 17

రేడియోకి చెప్పాను. మిషన్ గదిలో ఇద్దరమే ఉన్నాం. వాడు ముప్పావుగంట మాట్లాడలేదు. తర్వాత, ఆవేళ నవ్వినందుకు ఏమనుకోకు గురూ అన్నాడు. సాయంత్రం బెల్టు పట్టీ కింద పెట్టుకోమని ఒక మెత్తటి తువ్వాలు నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. అది వాళ్లావిడదట, పువ్వులున్నాయి. పెట్టుకున్నాను.

మే 5

రెండో సీసా లెక్క సరిపోయింది. కాటా మీద అంకె చూసి నర్సు ఆమెవైపు చూసి నవ్వింది, తర్వాత నావైపు చూసింది. తాళం నేను ముట్టుకోలేదండీ అన్నాను.

మే 14, బుధవారం

ఆపరేషన్ అయింది. ఆమె అక్క, మా వదిన, నిన్ననే వచ్చింది. ముక్కుసూటి మనిషి. థియేటర్ బయట కూర్చుని, ఏమయ్యా, చెల్లెలి మందు దొంగతనంగా రాసుకున్నావటగా అంది. అన్నీ చెప్పేసిందన్నమాట. తలవంచుకున్నాను. వదిన నా భుజం మీద చెయ్యి వేసి, మా ఆయన గుండెనొప్పిని గ్యాసని చెప్పుకుంటూ ఆరునెలలు తిరిగాడు, నువ్వు నయం, పట్టుబడ్డావు అంది. అన్నయ్య పోయి ఏడేళ్లయింది. వదిన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

రెండు గంటల పది నిమిషాలు పట్టింది. బయటికి తెచ్చినప్పుడు మత్తులోనే ఉంది. నన్ను చూసి, పేపర్లు దిద్దారా అని అడిగింది.

మే 23, శుక్రవారం

తీసిన ముక్కంతా పరీక్ష చేశారు. గొట్టం గోడ దాటలేదు. చుట్టూ అంచులు శుభ్రం. ఇక కొన్ని వారాలు కిరణాల చికిత్స, తర్వాత కొన్నేళ్లు మాత్ర.

డాక్టరమ్మ చెబుతుంటే మా ఆవిడ నోట్సు రాసుకుంటోంది. అంచులు శుభ్రం అని రాసి, కింద రెండు గీతలు గీసింది. బయటికొచ్చి ఆస్పత్రి ఎదురుగా ఉన్న దుకాణంలో చెరో ఐస్‌క్రీమ్ కొన్నాం. బండి ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. అరగంట వెతికాం. మర్చిపోయింది మీరు, గుర్తుపెట్టుకోండి అంది.

మొదటిరోజు డాక్టరమ్మ గీసిచ్చిన బొమ్మ జేబులోంచి తీసి చూశాను. ఇప్పుడు చూడగలిగాను.

ఆగస్టు 30

మూడు నెలలు రాయలేదు. రాయాలని అనిపించలేదు. కిరణాలు అయిపోయాయి. నాకు గడ్డ వేలికి అందీ అందనంతగా ఉంది. వెర్నియర్ పనిపెట్టెలోనే ఉంది.

మరుసటి ఏడు, ఆగస్టు 12

ఈ పుస్తకం అటక మీద దొరికింది. ఈరోజు ఉత్తరం రాకపోతే తీసేవాణ్ని కాదు.

ట్రయల్ ముగిసిందట. పాల్గొన్నవాళ్లకి ఎవరికి ఏది వచ్చిందో తెలియజేస్తున్నారు. మా ఆవిడ నిలబడే చదివింది. తర్వాత కుర్చీ కోసం చెయ్యి చాపింది. ఏమైందోనని కంగారుపడ్డాను. చూస్తే నవ్వుతోంది. మాట రావడం లేదు. ఉత్తరం నా చేతికిచ్చింది.

మీకు అందినవి: మందు కలపని జెల్, మందున్న మాత్ర.

పదహారు రోజులు నేను రాసుకుంది ఉత్తి జిగురు. దాంతో పద్దెనిమిదినుంచి పదహారుకి తగ్గించాను. వెర్నియర్‌ని ఆ రోజుల్లో ఎంత గట్టిగా నొక్కి పట్టుకున్నానో ఇప్పుడు తెలుస్తోంది. మీరు ఊరికే చూసినా తగ్గేదండీ అంది. వదినకి ఫోన్ చేసి చెప్పింది. అటునుంచి వచ్చిన నవ్వు నాకు వంటగదిలోకి వినపడింది.

జెల్ వాడిన మిగతావాళ్లకి ఎలా ఉందో, మొత్తం ఫలితం ఏమిటో ఇంకా లెక్కలు కడుతున్నారట. మంచి కబురే రావాలని ఉంది. ఆ ఆవిర్లు లేకుండా ఇంకొకరికి జరిగిపోతే అంతకంటే ఏం కావాలి. ఆమె నవ్వు ఆగాక అదే అంది.

అక్టోబరు 6

ఏడాదికోసారి చేసే పరీక్ష. ఆమెకి మామోగ్రామ్, నాకు స్కానింగు, ఒకే పూట పెట్టారు. కౌంటర్లో ఇద్దరిలో పేషెంటు ఎవరని అడిగారు. ఇద్దరమూ అన్నాను. ఆ అమ్మాయి ఇంకోసారి అడిగింది. ఇద్దరమూ అని మా ఆవిడ చెప్పింది.

ఆమెది శుభ్రంగా ఉందని అక్కడే చెప్పేశారు. నాది చూడటానికి ఏమీ మిగల్లేదన్నారు.

ఆమె లోపల కాగితాలు తీసుకుంటోంది. నేను బయట హాల్లో కూర్చున్నాను. నిండా ఆడవాళ్లు, నేనొక్కణ్నే మగవాణ్ని. అప్పుడు తలుపు దగ్గర ఒకాయన కనపడ్డాడు. నా వయసే ఉంటుంది, బస్సు డ్రైవరు యూనిఫారం. చేతిలో చీటీ. రొమ్ము విభాగం అన్న బోర్డు చదివాడు, లోపలికి చూశాడు, మళ్లీ చీటీ చూసుకున్నాడు. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని వెనక్కి తిరిగాడు. నాలుగు అడుగులు వేశాడు కూడా.

లేచి వెళ్లాను. ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు.

"మీరు వచ్చింది సరైన చోటికేనండీ" అన్నాను. "నేనూ ఇక్కడి పేషెంటునే. రండి, నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంది."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు. మా ఆవిడ బయటికొచ్చి, ఆయన్నీ నన్నూ చూసి, కాగితాలు సంచీలో పెట్టుకుని, ఎదురు వరసలో కూర్చుంది. తొందరేం లేదన్నట్టు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

మిషను నొప్పి పుడుతుందా అని ఆయన అడిగాడు.

పుడుతుందని చెప్పాను.